పేరు వేయించని డబ్బా

మొన్నామధ్య గుంటూరులో ఒక బట్టల షాపులో రెండు జాకెట్టు ముక్కలు, ఒక లంగా తీసుకుని బిల్లు కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి తల ఎత్తకుండానే "ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్" అంది. చెప్పాను. "పుట్టినరోజు?" అంది. నేను నోరు తెరిచేలోపు "పెళ్ళిరోజు?" అని కూడా అడిగేసింది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట దానంతటదే వచ్చింది.

"ఎందుకమ్మా?"

ఆ పిల్ల తల ఎత్తి చూసింది. ఆ ప్రశ్న ఆమెని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. "అడగమన్నారండి. ఆ గళ్ళు నింపకపోతే బిల్లు రాదు" అంది. జాకెట్టు ముక్కకీ నా పెళ్ళిరోజుకీ ఉన్న సంబంధం ఏమిటో చెప్పమన్నాను. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు. చివరికి ఆ పిల్లే ఉపాయం ఆలోచించింది. "పోన్లెండి మేడమ్, రెండిట్లోనూ ఇవాళ్టి తేదీ కొట్టేస్తా." కొట్టేసింది. బిల్లు వచ్చేసింది. ఆ షాపు లెక్క ప్రకారం నేను పుట్టిందీ ఆ రోజే, పెళ్ళి చేసుకుందీ ఆ రోజే.

సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే ముందు నవ్వొచ్చింది. తర్వాత మెట్టు మీదే ఆగిపోయాను. ఎందుకంటే ఆ "ఎందుకు" నాది కాదు, మా పాత ఇన్‌ఛార్జి గారిది. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ రోజుకి ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఆయనకి ఉన్నవి రెండే సూత్రాలు. "అక్కర్లేనిది అడగొద్దు. అడిగింది తప్పు రాయొద్దు." ఆ షాపు పిల్ల ఒక్క బిల్లులో రెండూ తప్పింది. ఆయనకి ఈ బిల్లు చూపిస్తే వెంటనే ఆ మెట్లెక్కి మేనేజర్ని బయటికి పిలిపించేవారు.

చూపించడానికి ఆయన లేరు. అంతకు కొద్దిరోజుల ముందే, మా పాత కంపెనీలో లారీ తోలిన డ్రైవరు పొన్నూరు బస్సులో కనబడి చెప్పాడు. "మన తుమ్ముల సారు పోయారంట మేడమ్. మీకు తెలీదా?" అని, "రెండో తుమ్ము వెయ్యకుండానే బయల్దేరారు పాపం" అన్నాడు. అది ఎగతాళి కాదు. అంటూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

తుమ్ముల సంగతి చెప్తాను. తొంభైల చివర్లో నేను చేరింది గుంటూరు శివార్లలోని ఒక మిరపకాయల కంపెనీ. రైతుల దగ్గర కాయ కొని, తొడిమలు తీయించి, కొంత కారం ఆడించి, కొంత కాయగానే బయటి దేశాలకి పంపేవాళ్ళు. మిరప ఘాటు బొత్తిగా పడని మనిషి అలాంటి చోట ఉద్యోగం ఎందుకు చేశారో ఆ దేవుడికే తెలియాలి. ఇన్‌ఛార్జి గారి మెడలో ఎప్పుడూ ఒక గళ్ళ తువ్వాలు ఉండేది. షెడ్డు వైపు నుంచి గాలి మళ్ళితే చాలు, దాన్ని ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. అయినా తుమ్మేవారు. లోడు కాగితాల మీద సంతకం పెట్టడానికి బయటికి వచ్చి, సరిగ్గా లారీ కదిలే సమయానికి తుమ్మేవారు. ఒక్క తుమ్ము పడితే మన వైపు ఎవడు బండి కదిలిస్తాడు? రెండోది పడితే దోషం పోతుంది. అందుకని డ్రైవర్లు స్టీరింగ్ పట్టుకుని ఆయన మొహం వంకే చూస్తూ కూర్చునేవాళ్ళు.

"ఇంకోటి వెయ్యండి సార్, మద్రాసు పోవాలి" అని బతిమాలేవాళ్ళు.

"వస్తే వెయ్యనా? నా చేతిలో ఉందా?" అని కసురుకునేవారు ఆయన. కసురుతూనే ఎండ వైపు మొహం పెట్టి, రెండో తుమ్ము కోసం తంటాలు పడేవారు పాపం.

ఆయన నీటి కరువున్న కనిగిరి వైపు మనిషి. నీళ్ళ గ్లాసు సగం తాగి, మిగతా సగానికి మూత పెట్టుకునేవారు. మెప్పు కూడా అంత పొదుపుగానే వాడేవారు. ఎంత బాగా చేసినా ఆయన నోట్లోంచి వచ్చే పెద్ద పొగడ్త "తప్పుల్లేవు". ఆ ఒక్క మాట కోసం నేను భోజనం మానేసి కూర్చున్న రోజులున్నాయి.

మేం కూర్చునేది కంప్యూటర్ గది. కంపెనీ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే, అదీ మా కోసం కాదు, కంప్యూటర్ కోసం. అందరూ చెప్పులు బయట విడిచి రావాలి. ఓనరు గారు కూడా గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు విడిచి వచ్చేవారు. ఏ రైతు ఎన్ని టిక్కీలు తెచ్చాడు, ఏ పొలంలో పండింది, ఏ మందులు కొట్టాడు, షెడ్డులో ఎవరెవరు పనిచేశారు, ఇవన్నీ ఎక్కించే పని నాది. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. ఎక్కించింది నిజమో కాదో చూసే పని ఆయనది. కొనేవాళ్ళు సరుకుతో పాటు ఈ వివరాలు కూడా అడగడం అప్పుడప్పుడే మొదలైంది. ఓనరు గారికి అదంతా తలనొప్పి. ఇన్‌ఛార్జి గారికి మాత్రం అదే ప్రాణం. "ఇదీ సరుకే అమ్మా. గోడౌనుకి తాళం వేస్తాం, దీనికేమో వెయ్యం" అనేవారు. టీకి లేచేటప్పుడు తెర మీద గుడ్డ కప్పి లేచేవారు.

చేరిన కొత్తలో నేను రైతుల వివరాలు ఎక్కించి గొప్పగా చూపించాను. ఆయన తెర మీద వరసలు కిందికి, పైకి జరిపి చూసి, నా వైపు తిరిగారు.

"ఏందమ్మా ఇది? ఈ ఏడు పల్నాడులో పురుగే పుట్టలేదా?"

మందుల గడిలో అందరికీ "లేదు" అని ఉంది. "వాళ్ళు చెప్పిందే రాశానండి" అన్నాను.

"నువ్వేమని అడిగావు?"

"మందు కొట్టారా అని."

"నన్నడిగినా కొట్టలేదనే చెప్తా. కొట్టానంటే కాయ కొనరేమోనని భయం. అట్టా కాదు. 'ఈ ఏడు ఏ మందు బాగా పనిచేసిందయ్యా' అని అడుగు. కూర్చోబెట్టి మరీ చెప్తాడు."

మర్నాడు వినుకొండ నుంచి కాయ తెచ్చిన ఒక రైతుని అలాగే అడిగాను. ఆ పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏ మందు ఎప్పుడు కొట్టాడో, దేన్లో ఏది కలిపాడో, నకిలీ అంటగట్టిన షాపువాడు ఎలాంటివాడో, వాడి వంశం ఎలాంటిదో అన్నీ చెప్పాడు. తిట్లు కూడా ఎక్కించాలా అని ఇన్‌ఛార్జి గారిని అడిగాను. ఆయన నిజంగానే కాసేపు ఆలోచించి, "అవి అక్కర్లేదులే" అన్నారు.

బజ్జీల గొడవ కూడా చెప్పకపోతే ఆయన మీకు సరిగ్గా కనబడరు. గేటు బయట సాయంత్రం బజ్జీల బండి పెట్టేవాళ్ళు. నేను మిరపకాయ బజ్జీ, ఆయన అరటికాయ బజ్జీ. ఒకరోజు ఆయన బజ్జీ నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. పొట్లం కాగితానికి అంచున వరసగా చిల్లులున్నాయి. అలాంటి కాగితం ఆ చుట్టుపక్కల మా ప్రింటర్‌కి తప్ప ఎవరికీ లేదు. విప్పి చూస్తే ఎవరో రైతు పేరు, తండ్రి పేరు, పొలం నంబరు, బ్యాంకు నంబరు. మా వాచ్‌మన్ చెత్త కాగితాలని కిలోల లెక్కన అమ్ముకుంటున్నాడన్నమాట.

"ఆ రైతు బతుకంతా నూనెలో నానుతోంది చూడమ్మా" అన్నారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి నేను సిగ్గుతో పక్కకి జరిగి నిలబడ్డాను. బండి చుట్టూ తింటున్న వాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "బజ్జీ మీరు తినండి, కాయితం నాకియ్యండి" అని చేయి చాపారు. "నీకేమన్నా పిచ్చా పెద్దాయనా" అన్నాడొకడు. బజ్జీలాయన అయితే కాగితాల కట్ట మీద చెయ్యేసి, "ఇయ్యన్నీ నీకిస్తే బజ్జీలు వీళ్ళ అరచేతుల్లో పెట్టనా?" అన్నాడు. ఇన్‌ఛార్జి గారు ఆఫీసుకి పరిగెత్తి పాత పేపర్లు మోసుకొచ్చి వాటికి మారుగా ఇచ్చారు. నూనె కాగితాలు గుండెకి అదుముకుని లోపలికి వచ్చారు. తెల్లచొక్కా పాడైంది. అప్పట్నించి ప్రతి శనివారం అక్కర్లేని కాగితాలన్నీ బకెట్లో నానబెట్టి, కల్లాపికి పేడ కలిపినట్టు చేత్తో పిసికి పారబోసేవారు. ఇంత చదువుకున్న మనిషి ఇదేం పనండీ అని అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వాను.

ఇంత జాగ్రత్త మనిషి ఒక పొరపాటు చేశారు. ఆయన జాగ్రత్తే ఆయన చేత ఆ పొరపాటు చేయించింది. దానివల్ల ఒక ఆడపిల్లకి వచ్చిన టీచరు ఉద్యోగం ఊడిపోయేదే. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే.

షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఒక మేస్త్రి ఉండేది. సువార్తమ్మ అందాం. ఆ పేరు ఇప్పుడు నేను పెట్టిందే. ఆమె నోరు తెరిస్తే గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నిటారుగా నిలబడేవాడు. ఆమె కూతురు టీచరు ట్రైనింగ్ చేసి, పరీక్షలో నెగ్గి, పోస్టింగ్ కోసం ఎదురుచూస్తోంది. చదువుకునే రోజుల్లో సెలవులకి తల్లి పక్కన కూర్చుని తొడిమలు తీసింది కాబట్టి ఆ పిల్ల పేరు కూడా మా హాజరులో ఉంది.

ఆ ఏడాది కొనేవాళ్ళు షెడ్డు తనిఖీకి మనుషుల్ని పంపుతామన్నారు. పనిచేసేవాళ్ళు నిజంగా ఉన్నారా, వాళ్ళ వయసెంత, కూలి అందుతోందా చూస్తారట. అందుకని ఆడవాళ్ళ దగ్గర రేషన్ కార్డులు, బడి కాగితాలు తెప్పించి ఎక్కించాం. ఎక్కించి చూస్తే షెడ్డులో కూర్చున్న మనుషుల కన్నా కంప్యూటర్లో ఉన్న పేర్లు దాదాపు రెట్టింపు ఉన్నాయి. ఇన్‌ఛార్జి గారి చెవులు ఎర్రబడ్డాయి. సువార్తమ్మని పిలిపించారు.

"లేని మనుషుల పేర్లు చెప్పి కూలి లాగుతున్నావా?" అన్నారు మొహం మీదే.

సువార్తమ్మ కొంగు బిగించింది. "ఎవరు సార్ లేంది? రండి షెడ్డులోకి. మీరు పేరు చదవండి, నేను మనిషిని నిలబెడతా."

వెళ్ళారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, తుమ్ముల మధ్య పేర్లు చదివారు. ఒక పేరుకి ఒకామె చెయ్యెత్తింది. కాసేపటికి ఇంకో పేరుకి మళ్ళీ ఆమే ఎత్తింది. ఇంకొకామె కూడా అంతే. షెడ్డంతా ఒకటే నవ్వు. ఆయనకి మాత్రం ఏమీ అర్థం కాలేదు.

"ఒకటి కాయితం పేరు సార్, ఒకటి చర్చి పేరు" అంది సువార్తమ్మ. "మీరు హాజరుకి పేరడిగితే నోటికొచ్చిన పేరు చెప్పాం. కార్డు తెమ్మంటే కార్డు తెచ్చాం. మనిషి ఒకతే."

మా పేటల్లో ఇది కొత్త సంగతేం కాదు. బాప్తిస్మంలో పెట్టే పేరొకటి, బళ్ళో రాయించే పేరొకటి. క్రైస్తవంలో చేరినవాళ్ళకి ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని చట్టం. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊళ్ళో మా ఇల్లు ఒక్క అడుగు కూడా అవతలికి జరగదు, మమ్మల్ని పిలిచే తీరూ మారదు, కాగితం మాత్రం పోతుంది, దాంతో వచ్చిన ఉద్యోగమూ పోతుంది. ఇదేం న్యాయమని నన్నడక్కండి, రాసినవాళ్ళని అడగండి. నాకూ రెండు పేర్లున్నాయి. ఆ రెండూ ఇక్కడ పక్కపక్కన రాయబోను.

మా వైపు ఈ సంగతి తెలియనివాళ్ళుండరు. ఆయనకీ తెలుసు. కానీ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు తమకి తెలిసిన మనుషుల్ని కూడా మర్చిపోతారు. చిక్కు విడిపోయిందన్న సంబరంలో ఆయన సువార్తమ్మతో "పొరపాటు నాది, ఏమనుకోకు" అని, గబగబా గదిలోకి వచ్చి, "మరో పేరు" అని కొత్త గడి పెట్టించారు. ప్రతి మనిషికీ ఒక వరస, ఆ వరసలో రెండు పేర్లు. "ఈ గడి అవసరమాండి?" అన్నాను. "లెక్క కుదిరిందమ్మా, చూడు" అన్నారు. ఆయన చెవికి ఇంకేదీ ఎక్కలేదు. ప్రింటు తీయించి ఒకటి ఓనరు గారికి, ఒకటి గేటుకి, ఒకటి ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని తీసుకొచ్చే ట్రాక్టరతనికి ఇచ్చారు. ఆ రోజు నాకు "తప్పుల్లేవు" దొరికింది. ఎందుకో సంతోషం కలగలేదు.

మర్నాడు సువార్తమ్మ చెప్పులతోనే గదిలోకి వచ్చేసింది.

"ట్రాక్టరాడు మా ఊళ్ళో టీ కొట్టు కాడ ఆ కాయితం పైకి చదివాడు సార్" అంది. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ రోజు మెల్లగా మాట్లాడింది. "మా అమ్మాయితో పాటు పరీక్ష రాసి పోస్టు రాని పిల్ల తండ్రి అక్కడే కూర్చుని ఉన్నాడు. 'రెండు పేర్లూ కంపెనీ కాయితంలోనే ఉన్నాయి గదా, ఒక పిటిషన్ పడేస్తే సరిపోద్ది' అన్నాడంట. దాని చదువు కోసం నా వేళ్ళు కాలిపోయాయి సార్, చూడండి."

చేతులు చాపింది. మిరపకాయ తొడిమలు తీసి తీసి ఎర్రగా పొక్కిపోయిన చేతులు. ఆయన చూశారు.

"అందర్నీ ఎందుకు ఎందుకని అడుగుతారు గదా మీరు. ఇదెందుకు సార్? చర్చిలో మమ్మల్ని ఏమని పిలుస్తారో మీ మిరపకాయలకెందుకు?"

అని, నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పవే సారుకి" అంటూ నన్ను చర్చి పేరు పెట్టి పిలిచింది. ఆమెదీ నాదీ ఒకటే చర్చి. ఆఫీసులో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. ఇన్‌ఛార్జి గారు నా వైపు తిరగలేదు. ఆ మాట విననట్టే తెర వంక చూస్తూ ఉండిపోయారు. అయితే విన్నారని నాకు తెలుసు. తువ్వాలు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు.

"ఆ గడి తీసెయ్ అమ్మా" అన్నారు చివరికి.

గడి తీసేశాను. చర్చి పేర్లు కూడా తీసేశాను. కార్డులో ఉన్న పేరు, దాని పక్కన ఒక టోకెన్ నంబరు, అంతే మిగిలింది. ఫ్లాపీలో ఉన్నది కూడా ఆయన నా పక్కన నిలబడి చెరిపించారు. గేటు దగ్గర కాగితం తెచ్చుకున్నారు. ఓనరు గారి బల్ల మీది కాగితం అడిగి తీసుకున్నారు. మూడోది ఊళ్ళో ఉంది. ఆ సాయంత్రం ఆడవాళ్ళతో పాటు ట్రాక్టరు ఎక్కారు. వాళ్ళ చీరల్లో, జుట్లలో, గంపల్లో నిండా మిరప ధూళి. దారి పొడుగునా ఆయన తుమ్ముతూనే ఉన్నారట. కాగితం ట్రాక్టరు సీటు కింద దొరికిందట. టీ కొట్టు దగ్గర ఆ పోస్టు రాని పిల్ల తండ్రి "మీ కంపెనీ కాయితమే గదా సార్, ఒకసారి ఇయ్యండి, చూసి ఇస్తా" అంటే, "ఎందుకు?" అన్నారట. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశారట. ఇదంతా సువార్తమ్మ మర్నాడు షెడ్డులో నటించి మరీ చూపించింది. విన్నవాళ్ళు ఎంతమంది ఉన్నా కాయితం లేకపోతే పిటిషన్ నిలవదని ఆమె ధైర్యం.

తనిఖీ వాళ్ళు వచ్చారు. పాత హాజరు కాగితాల్లో మనుషులు ఎక్కువ, కొత్తవాటిలో తక్కువ. ఏమిటిదని అడిగారు. ఇన్‌ఛార్జి గారు ఒక తెల్లకాగితం తీసుకుని, "ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించాం. కూలి ఒక్కసారే ఇచ్చాం. పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టారు. వాళ్ళు వెళ్ళాక ఓనరు గారు మండిపడ్డారు.

"అసలు సంగతి చెప్తే పోయేది గదండీ. వీళ్ళకి రెండు పేర్లుంటాయి, ఇక్కడి అలవాటు అంటే వాళ్ళు రాసుకునేవాళ్ళు."

"రాసుకునేవాళ్ళేనండి. అదే వద్దు" అన్నారు ఇన్‌ఛార్జి గారు.

"అబద్ధం రాసిచ్చారు మీరు."

"ఒక్క అక్షరం అబద్ధం లేదండి. రెండుసార్లు ఎక్కించాం. అదే రాశాను."

తనిఖీ రిపోర్టు వచ్చింది. అందులో రికార్డుల ఇన్‌ఛార్జి అజాగ్రత్త మనిషి అని ఉంది. బకెట్లో కాగితాలు పిసికిన మనిషిని పట్టుకుని అజాగ్రత్త అన్నారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఓనరు గారికి సాకు దొరికింది. ఆయన్ని కంప్యూటర్ గదిలోంచి తీసి షెడ్డు పక్కనున్న కాటా దగ్గర వేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా మిరప టిక్కీలు తూకం వేయించే పని. ఆయన తువ్వాలు ఒకటి ఎక్కువ తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

ఆయన కుర్చీలోకి హైదరాబాదు నుంచి ఒక కుర్రాయన వచ్చాడు. వచ్చీ రాగానే గళ్ళు పెంచాడు. రైతు మతం, కులం, ఇంట్లో ఎంతమంది, టీవీ ఉందా లేదా. ఎందుకండీ అని అడిగితే "ఎప్పటికైనా పనికొస్తాయి" అన్నాడు. నేను కిటికీలోంచి కాటా వైపు చూసేదాన్ని. కళ్ళు ఎర్రగా, ముక్కుకి తువ్వాలుతో, ప్రతి టిక్కీ దగ్గరా వంగి అంకె చూసి పక్కవాడి చేత మళ్ళీ చదివిస్తూ కనబడేవారు. "సారు ఇప్పుడు వరసగా మూడు నాలుగు వేస్తున్నారు మేడమ్, మాకు దిగుల్లేదు" అని డ్రైవర్లు నవ్వేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. ఆ మనిషంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

సువార్తమ్మ కూతురికి పోస్టింగ్ వచ్చింది. సువార్తమ్మ లడ్డూల డబ్బాతో నేరుగా కాటా దగ్గరికి వెళ్ళింది. ఆయన "ఎందుకు?" అన్నారు అలవాటుగా.

"దీనికి మాత్రం చెప్పను సార్. నోరు తెరవండి" అంది ఆమె.

తర్వాత నా పెళ్ళి కుదిరి ఉద్యోగం మానేశాను. పెళ్ళి మా చర్చిలోనే. ఆయన వచ్చి చివరి బెంచీలో, తువ్వాలు లేకుండా, ఎవరో కొత్త మనిషిలా కూర్చున్నారు. అందరూ తెచ్చినట్టే ఆయనా స్టీలు సామాను తెచ్చారు, పెద్ద డబ్బా. మా వైపు స్టీలు సామాను బహుమతిగా ఇస్తే దాని మీద పేరు వేయించి ఇవ్వడం ఆనవాయితీ. ఇచ్చినవాళ్ళ పేరో, పుచ్చుకున్నవాళ్ళ పేరో తప్పకుండా ఉంటుంది. ఆ డబ్బా మాత్రం అద్దంలా ఉంది, ఒక్క అక్షరం లేదు.

"షాపాయన ఏ పేరు వెయ్యమంటారని అడిగాడమ్మా" అన్నారు మెల్లగా. "నన్నడిగితే ఎట్టా? అది నువ్వు చెప్పాల్సింది. నీకేది ఇష్టమైతే అది వేయించుకో. ఏదీ వద్దంటే అట్టాగే ఉంచుకో."

ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు. ఆ డబ్బాలో ఇన్నేళ్ళూ కారం పోసుకుంటూ వచ్చాను. ఏ పేరూ వేయించలేదు.

బట్టల షాపు గొడవ జరిగిన వారానికి, పాతకారం అయిపోయి డబ్బా ఖాళీ అయింది. కడిగి ఆరబెడుతుంటే, ఇచ్చిన మనిషి పేరు ఇప్పుడైనా వేయిద్దామనిపించింది. ఇదెవరిచ్చారని రేపు నా పిల్లలు అడిగితే తెలియాలి కదా. స్టీలు షాపుకి తీసుకెళ్ళాను. పేర్లు వేసే అతను మిషను సరిచేసుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "ఏ పేరండీ?" అన్నాడు.

చెప్పబోయాను. జీతాల పట్టీలో ఉండే పేరు, ముందు ఇంటిపేరు అక్షరంతో సహా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అది కంపెనీకి తెలిసిన పేరు. కనిగిరిలో వాళ్ళమ్మ ఆయన్ని ఏమని పిలిచేది? వాళ్ళావిడ? తోడబుట్టినవాళ్ళు? మా అందరి పేర్లనీ అంతలా కాపాడిన మనిషిని వాళ్ళింట్లో ఏమని పిలిచేవాళ్ళో నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికీ లేరు. అడిగినా ఆయన ఏమనేవారో నాకు తెలుసు.

"ఏం వద్దులే బాబూ" అని డబ్బా తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి దాన్నిండా కొత్తకారం పోశాను. మూత పెడుతుంటే ఘాటు లేచి తుమ్మొచ్చింది. మూత చేత్తో పట్టుకుని, రెండోదాని కోసం కాసేపు అలాగే నిలబడ్డాను.